ప్రశ్నకి ఆమెన్

పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీ తెలుగు చర్చిలో ప్రసంగానికి రెండు నోళ్ళు. ఒకటి పాస్టరు దానయ్యగారిది, రెండోది మణికుమార్‌ది. అయ్యగారు తెలుగులో ఒక మాట చెప్పి ఆగుతారు. పక్కనే రెండో మైకు పట్టుకుని నిలబడ్డ మణికుమార్ అదే మాట హిందీలో చెప్పి ఆగుతాడు. ముందు చాపల మీద కూర్చునే ముసలమ్మలకి తెలుగు. వెనక కుర్చీల్లో కూర్చునే రాంచీ వాళ్ళకి, బెంగాలీ కోడళ్ళకి, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడినా పుల్పిట్ మీది పుస్తకాల తెలుగు తలకెక్కని కుర్రకారుకి హిందీ. అరగంట ప్రసంగం గంట పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆవలిస్తారు. అలవాటైనవాళ్ళకి మాత్రం ఒంటినోటి ప్రసంగం ఉప్పులేని చారే.

పద్నాలుగేళ్ళలో ముగ్గురు పాస్టర్లు మారారు, మణికుమార్ మారలేదు. దానయ్యగారు కాకినాడ నుంచి వచ్చి ఆరేళ్ళయింది గానీ ఆయన హిందీ ఇంకా కూరగాయల బజారు దాటలేదు. "అయ్యగారు తెలుగులో దగ్గితే నేను హిందీలో దగ్గుతాను" అని మణికుమార్ గొప్ప చెప్పుకునేవాడు. గొప్పే అనుకోండి, అబద్ధం మాత్రం కాదు. పద్నాలుగేళ్ళలో ఒక్క మాట అటూ ఇటూ చెయ్యలేదు.

ఆదివారం పోగా మిగిలిన ఆరు రోజులూ అతను వాల్వ్ మ్యాన్. నడుమెత్తు ఇనప చాబీ భుజాన వేసుకుని వెళ్ళి, రోడ్డు పక్క గుంతల్లో ఉన్న వాల్వులు తిప్పి, ఏ లైనుకి ఎప్పుడు నీళ్ళు వదలాలో వదిలి, ఎప్పుడు కట్టాలో కట్టడం పని. పోర్ట్ బ్లెయిర్‌లో చుట్టూ సముద్రమే, కుళాయిలో మాత్రం నీళ్ళు వంతుల ప్రకారం. బస్తీలో గుట్ట మీది లైనుకి సోమవారం, గురువారం. పొద్దున్న ఆరున్నరకి వదలాలి, ఏడుంబావుకి కట్టాలి. అందులో నీళ్ళు గుట్ట ఎక్కడానికే ఇరవై నిమిషాలు పోతాయి.

గుట్ట మీద చిట్టచివరి ఇల్లు లక్ష్ముడిది. ఒకప్పుడు ఫీనిక్స్ బే జెట్టీలో పడవల మీద పనిచేసి రిటైరైన మనిషి. అతని ఇంటి కుళాయిలో నీళ్ళు పడగానే భార్య శేషమ్మ మెట్ల మీద నిలబడి, "వొచ్చీసిందర్రా!" అని కేకేసేది. గడియారం ఏమన్నా సరే, ఆ కేక వినబడ్డాక పావుగంటకి గానీ వాల్వ్ కట్టకూడదని బస్తీ కట్టుబాటు. ఏ కాగితంలోనూ లేదు. మణికుమార్‌కి ముందు పనిచేసిన వాల్వ్ మ్యాన్ చాబీతో పాటు అతనికి అప్పజెప్పిన మాట అది.

ఎనిమిది నెలలుగా ఆ కేక వినబడటం లేదు.

ఎందుకంటే, గుట్ట కింద మాజీ కౌన్సిలర్ వెంకటసుబ్బయ్య టూరిస్టుల కోసం ముప్పై గదుల లాడ్జి కట్టాడు. గుట్ట లైను కడితే గానీ కింద లైనులో ఒత్తిడి రాదు. సోమవారం, గురువారం ఆరూ యాభై అయ్యేసరికి మణికుమార్‌కి ఫోను. "మణీ, బంద్ కర్ దో బేటా." అంతే, ఇంకో మాట ఉండదు. మొదటిసారి మాత్రం ఇంకో మాట కూడా అన్నాడు: "పర్మనెంటు లిస్టులో నీ పేరు పైన ఉండేలా నేను చూసుకుంటాను." మణికుమార్ పదిహేడేళ్ళుగా రోజుకూలీ మజ్దూరు. నలభై మూడేళ్ళొచ్చాయి. ఈ లిస్టులో పేరు రాకపోతే ఇంకో లిస్టు ఉండదు, ఉన్నా వయసు దాటిపోతుంది. కట్టేశాడు. మొదటి రోజు చుట్టూ చూసి మరీ కట్టాడు. రెండో నెలకి చూడటం మానేశాడు, అడిగినవాళ్ళకి డ్యాము నుంచే నీళ్ళు తక్కువొస్తున్నాయని చెప్పడం అలవాటైంది. పాపం ఎవడికైనా అంతే, మొదట్లోనే బరువు.

ఇంట్లో కుళాయికి నీళ్ళు రాక శేషమ్మ కింద బజారు కుళాయి నుంచి బకెట్లు మోసుకునేది. డెబ్భై ఏళ్ళ మనిషి, నాచు పట్టిన సిమెంటు మెట్లు. మూడు వారాల కిందట రెండు బకెట్లతో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉంది. మళ్ళీ నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. మోసుకెళ్ళిన నలుగురిలో మణికుమార్ కూడా ఉన్నాడు. ఆమె నొప్పితో మూలుగుతూనే, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది నాయినా" అంది. ఆ మాట ఆ రోజు నుంచి అతని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇంతలో వార్డు ఎన్నికలొచ్చాయి. వెంకటసుబ్బయ్య మళ్ళీ నిలబడ్డాడు. శుక్రవారం సాయంత్రం చర్చి కమిటీ కూర్చుంది. సంఘ పెద్ద గణేశ్వరరావు, మిడిల్ పాయింట్‌లో హార్డ్‌వేర్ షాపు ఆయనది, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, సుబ్బయ్యగారు మన కాంపౌండు గోడ కట్టించీస్తానన్నాడు. ఆయనేమీ పెద్ద కోరిక కోర్లేదు. ఆదివారం పుల్పిట్ మీంచి మీరొక్క మాటనండి సాలు, మనోడే అని."

"పుల్పిట్ మీంచా? ఆ పని నేను చెయ్యనండి" అన్నారు దానయ్యగారు.

"గోడండీ బాబూ! గేదెలు లోపలికొచ్చి కానుకపెట్టి దగ్గర పేడ ఏస్తన్నాయి."

"వేస్తే కడుక్కుందాం."

అందరికంటే ముందు మణికుమార్ అందుకున్నాడు. "అయ్యగారన్నదే రైటు. ఇయాళ ఈ పార్టీ అంటాం, రేపు ఆ పార్టీవోళ్ళు ఎక్కడ కూసుంటారు మరి? చర్చిలో పాలిటిక్సు మాట రాకూడదు. ఎవరి ఓటు ఆళ్ళది. పుల్పిట్ దేవుడిది." కమిటీలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. మాట బాగానే ఉంది. నిజమైన మాట కూడాను. కానీ తను ఆ మాట ఎందుకంటున్నాడో మణికుమార్‌కి ఒక్కడికే తెలుసు.

దానయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పార్టీ మాట నేను మాట్లాడను. ఎవరి పేరూ ఎత్తను. కానీ ఈ ఆదివారం నీళ్ళ మాట మాట్లాడతాను" అన్నారు.

ఆ మాటలు హిందీలో చెప్పాల్సిన నోరు మణికుమార్‌ది.

శనివారం సాయంత్రం అయ్యగారు గొడుగేసుకుని మణికుమార్ ఇంటికొచ్చారు. అతని భార్య కనకలక్ష్మి టీ ఇచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"నిన్న నువ్వన్నది రాత్రంతా ఆలోచించాను మణీ" అన్నారాయన. "నా గురువుగారు కూడా అదే నేర్పారు. పుల్పిట్ ఎక్కేముందు పార్టీని చెప్పులతో పాటు బయట వదలాలనేవారు. ముప్ఫై ఏళ్ళు అలాగే వదిలాను. కానీ శేషమ్మగారిని ఆసుపత్రిలో చూసొచ్చాక ప్రార్థన చెయ్యబోతే మాట రాలేదయ్యా. ఏమని చెయ్యను? ప్రభువా, ఆమె ఎముక అతికించు, మెట్లు మాత్రం అలాగే ఉండనీ అనా? నీళ్ళు పార్టీయా?"

"ఇక్కడ నీళ్ళే పార్టీ అయ్యగారూ" అన్నాడు మణికుమార్. "మీరు నీళ్ళంటే జనం పేరు ఆళ్ళే ఏసుకుంటారు. మీ తెలుగు బస్తీ దాటదు. నా హిందీ ఆపీసుల దాకా ఎళ్తాది. కుర్రోళ్ళు ఫోన్లు పట్టుకుని ఉంటారు."

"అందుకే వచ్చాను. నీకు పర్మనెంటు కావాల్సిన టైము. జ్వరమని ఇంట్లో ఉండు. టీచరుగారి అమ్మాయి పూజ ఉంది, ఆ పిల్ల చెబుతుంది."

ఎంత మంచి మనిషి! కాళ్ళ మీద పడాలనిపించింది మణికుమార్‌కి. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. పూజ చిన్నపిల్ల, చెప్పింది చెప్పినట్టు గడగడా చెప్పేస్తుంది. తనైతే కాస్త నీళ్ళు కలపొచ్చు. "లేదండీ, నేనే చెప్తాను" అన్నాడు.

"దేవుడు నిన్ను దీవించును గాక" అంటూ అయ్యగారు ఆనందంగా లేచారు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి కనకలక్ష్మి నోరు విప్పింది. "పుల్పిట్ మీద పాలిటిక్సు వొద్దని నిన్న కమిటీలో తెగ సెప్పీసినావంట."

"వొద్దనేగా. తప్పేటి?"

"మాట తప్పు కాదు. సుబ్బయ్య ఫోను నీ జేబులో ఎట్టుకుని సెప్పడం తప్పు." ఆమె టీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. రాత్రి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. అయ్యగారు ఏదో మాట్లాడబోతున్నారని బస్తీ అంతా పాకింది. ఎప్పుడూ క్రిస్మసుకి తప్ప రానివాళ్ళు కూడా వెనక నిలబడ్డారు. లక్ష్ముడు ముందు చాప అంచున మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. పక్కన శేషమ్మ కూర్చునే చోటు ఖాళీగా వదిలేశారు.

దానయ్యగారు లేఖనాల్లోని పితరుల కాలం నాటి బావుల దగ్గర మొదలుపెట్టారు. తండ్రి తవ్విన బావుల్ని పగవాళ్ళు మట్టితో పూడ్చేస్తే కొడుకు మళ్ళీ తవ్వుకున్నాడని చెప్పారు. మణికుమార్ హిందీలో చెప్పాడు. బావి పూడ్చినవాడు కత్తి దుయ్యలేదు, ఎవర్నీ కొట్టలేదు, అయినా అది హత్యలాంటిదేనని చెప్పారు. మణికుమార్ అదీ చెప్పాడు, హత్య అన్న మాట దగ్గర కొంచెం గొంతు తగ్గించాడు.

"మన గుట్ట మీద బావి లేదు, కుళాయి ఉంది" అన్నారు దానయ్యగారు. "ఎనిమిది నెలలుగా ఆ కుళాయి ఎండిపోయింది."

"ఎనిమిది నెలలుగా మన గుట్టకి నీళ్ళ కష్టం ఉంది" అని హిందీలోకి వచ్చింది.

"వాన తక్కువై ఎండలేదు. డ్యాములో నీళ్ళున్నాయి. కింద లాడ్జీలకి వస్తున్నాయి."

"ఈ ఏడు వానలు సరిగ్గా లేవు" అన్నాడు మణికుమార్ హిందీలో. మైకులో అబద్ధం, జీవితంలో మొదటిసారి. నోరు ఎంత సులువుగా తిరిగిందో చూసి అతనికే భయమేసింది. చాపల మీద రెండు భాషలూ తెలిసినవాళ్ళు చటుక్కున తలలెత్తారు. లక్ష్ముడు కూడా ఎత్తాడు. పడవల మీద నలభై ఏళ్ళు పనిచేసినవాడికి హిందీ రాకపోవడమేమిటి!

దానయ్యగారు పుల్పిట్‌ని రెండు చేతులా పట్టుకున్నారు. "నేను ఎవరి పేరూ చెప్పను. నాకు తెలీదు కూడా. ఒక్కటే అడుగుతున్నాను. శేషమ్మగారి కుళాయి కట్టిందెవరు?"

మణికుమార్ కళ్ళు మూసుకున్నాడు. హిందీలో అన్నాడు: "మనమందరం శేషమ్మగారి కోసం, మంచి వానల కోసం ప్రార్థన చేద్దాం."

వెనక కుర్చీల్లోంచి ముక్తకంఠంతో వచ్చింది: "ఆమెన్!"

దానయ్యగారు ఆగిపోయారు. వెనక్కి చూశారు, ముందుకి చూశారు, చివరికి పక్కకి తిరిగారు. "మణీ" అన్నారు మెల్లగా, మైకులో వినబడేటట్టే. "నేను అడిగింది ప్రశ్న కదయ్యా. ప్రశ్నకి ఆమెన్ ఏంటి?"

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆగిపోయారు. లక్ష్ముడు మణికుమార్‌నే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో, ఒట్టి ఆశ్చర్యం. నిన్నటిదాకా నమ్మకస్తుడనుకున్న మనిషి సంచిలో తన వస్తువు కనబడినట్టు చూస్తున్నాడు. మణికుమార్‌కి సిగ్గేసింది. పర్మనెంటు పోతుందన్న భయం కంటే ఆ సిగ్గే ఎక్కువైంది. ఇదొక్క పనే కదా తను వంకర లేకుండా చేసింది, పద్నాలుగేళ్ళు! వాల్వ్ పాడు చేశాడు, ఇప్పుడు దీన్ని కూడా పాడు చేశాడు.

"తప్పు చెప్పాను" అన్నాడు హిందీలో, వెనక కుర్చీల వైపు చూస్తూ. "అయ్యగారు ప్రార్థన చెయ్యమనలేదు. ఒక మాట అడిగారు. శేషమ్మ కా నల్ కౌన్ బంద్ కియా?"

ఈసారి ఆమెన్ రాలేదు. మణికుమార్ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మై కియా" అన్నాడు.

తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి, అన్నీ హిందీలోనే. వారానికి రెండు రోజులు, ఆరూ యాభైకి ఫోను, వాల్వ్ ఇరవై ఐదు నిమిషాలు ముందే కట్టెయ్యడం, లిస్టులో పేరు. లాడ్జి సంగతి చెప్పాడు గానీ ఎవరి పేరూ చెప్పలేదు. అవసరం కూడా లేకపోయింది. తెలుగులో ఎందుకు చెప్పలేదంటే, తెలుగులో చెప్పాలంటే లక్ష్ముడి ముఖంలోకి చూసి చెప్పాలి. అంత గుండె లేదతనికి. అక్కడ నిలబడితే అతని నోటికి హిందీ అలవాటు, ఆ అలవాటు చాటునే నిలబడ్డాడు.

చెప్పడం అయిపోయి ఆగాడు. ఆగడం కూడా అలవాటే. ఒకరు ఆగితే రెండోవాళ్ళు అందుకోవాలి.

ముందు చాప మీద ఓ ముసలమ్మ, ఓడలో కాపురానికొచ్చి యాభై ఏళ్ళయినా హిందీ ముక్క రాని బుల్లమ్మ, "ఏటన్నాడు? ఏటన్నాడమ్మా?" అని పక్కవాళ్ళని గోకింది. ఎవరూ చెప్పలేదు.

దానయ్యగారిది కూరగాయల బజారు హిందీయే అయినా, ఆ నాలుగు మాటలు అర్థం కావడానికి అది చాలు. ఆయన బుల్లమ్మ వైపు చూశారు. తర్వాత మైకు దగ్గరికి లాక్కుని, మణికుమార్ చెప్పినట్టే, అతని మాటల్లోనే, ఒక్కొక్కటీ తెలుగులో చెప్పారు. "వాల్వ్ కట్టింది నేనే. పర్మనెంటు కోసం కట్టాను. శేషమ్మగారిని మోసుకెళ్ళినప్పుడు కూడా చెప్పలేదు." ఏదీ తగ్గించలేదు, ఏదీ కలపలేదు. మణికుమార్ తల దించుకుని విన్నాడు. ఆ పుల్పిట్ మీద పాస్టరు అనువాదం చెయ్యడం అదే మొదలు.

ఆరాధన ముగిశాక గణేశ్వరరావు అయ్యగారిని మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "గోడ పోయినట్టే. చర్చి పేరు కూడా పోయింది. అందుకేనండీ పుల్పిట్ మీద ఇలాంటివి వొద్దనేది. సూడండి, ఓ మనిషి బతుకు బజార్న పడింది!"

"మీరన్నదాంట్లో తప్పేమీ లేదండి" అన్నారు దానయ్యగారు. "నేను ఎవడో పెద్దవాణ్ణి నిలదీస్తున్నాననుకున్నాను. నిలబడ్డది నా పక్కనున్న పిల్లాడు. మాట్లాడకపోయినా బావుండేది కాదు, మాట్లాడితే ఇలా అయింది. వచ్చే ఆదివారం ఏం మాట్లాడాలో తల్చుకుంటేనే భయంగా ఉంది."

లక్ష్ముడు మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. మణికుమార్ "మావయ్యా" అని ఎదురెళితే పక్కనుంచి తప్పుకుని, చెప్పులు తొడుక్కుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీడియో ఊరంతా తిరిగింది. రాత్రి భోజనాల వేళ వెంకటసుబ్బయ్య ఫోను చేసి, ఈసారి బేటా అనకుండా, లిస్టులో పేరు మర్చిపొమ్మన్నాడు. కనకలక్ష్మి ఫోను లాక్కుని, "మర్సిపోయాం లెండి, గుడ్ నైట్" అని పెట్టేసింది. శనివారం సాయంత్రం తర్వాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట, "ఇంకో ముద్ద ఏసుకో."

సోమవారం ఆరున్నరకి మణికుమార్ గుట్ట లైను వదిలాడు. ఆరూ నలభైకే సూపర్‌వైజరు బండి మీద వచ్చి గుంత పక్కన ఆపాడు. "చాబీ ఇచ్చెయ్యమన్నారు మణీ. నన్నేమీ అనుకోకు" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

"లైను కట్టి ఇస్తాను సార్."

ఆరూ యాభైకి ఫోను మోగింది. మణికుమార్ దాన్ని సిమెంటు మూత మీద పెట్టాడు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఏడయింది. ఏడుంబావు అయింది. "టైమైపోయింది, కట్టు" అన్నాడు సూపర్‌వైజరు.

"కేక రాలేదు సార్."

"ఏం కేక?"

మణికుమార్ గుట్ట వైపు చూశాడు. గుట్ట మీద పైప్ ఎనిమిది నెలల తర్వాత నిండుతోంది, గాలి పోయి నీళ్ళు రావడానికి టైము పడుతుంది. అదొకటి. కేకెయ్యాల్సిన మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంది. ఇంట్లో ఉన్నది లక్ష్ముడు. ఆయన కుళాయి కింద బిందె పెట్టాడో లేదో, పెట్టినా నోరు విప్పుతాడో లేదో. ఏడూ ఇరవై అయింది. మెట్ల వెంట జనం బిందెలతో బయటికొచ్చి పైకి చూస్తున్నారు. ఏడూ ఇరవై ఐదు. సూపర్‌వైజరు బండి దిగాడు.

అప్పుడు పైనుంచి వినబడింది. బొంగురు గొంతు, మగ గొంతు. అలవాటు లేని కేక, సగంలో విరిగిపోయింది.

"వొచ్చీసిందర్రా!"

మణికుమార్ గుంత అంచున కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. సూపర్‌వైజరు చాబీ కోసం చెయ్యి చాపాడు.

"ఇంకో పావుగంట ఉంది సార్" అన్నాడు మణికుమార్.